చుక్కాని లేని బండి

నాన్నా, నేను కులాసా. భయమంతా నీ గురించే. టూరిస్టులు పడుకునే చక్రాల గదిని ఆదివారం మన పికప్‌కు కట్టి భావనపాడు తెస్తామని శివాజీ అన్నయ్య ఫోనులో చెప్పాడు. దానికి వేరే కొక్కెం అక్కర్లేదా అంటే, “పడవని లాగిన తాడు దీన్ని లాగదేటే? ఎనక పడవలో చుక్కాని పట్టి కూకున్నట్టు నాన్న అందులో కూకుంటాడు” అని నవ్వాడు. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు.

నీటిలో పడవ దానంతటదే నెమ్మదిస్తుంది. రోడ్డు మీద బ్రేకు వేసినా ఆ గది ఆగదు, వచ్చి బండిని గుద్దుతుంది. తాడుకు లాగడమే తెలుసు, ఆపడం తెలియదు. బండి ఛాసిస్‌కు బిగించే ఇనుప కొక్కెం, అదే హిచ్, ఉండాల్సిందేనని మా కాలేజీ వర్క్‌షాపు మాస్టారు చెప్పారు. అది పెట్టించేదాకా అన్నయ్యను కదలనివ్వకు.

అమ్మ కాలి వాపు తగ్గిందా? నా నీలం దుప్పటి పంపు. చెల్లి దుర్గకు ముద్దులు.

నువ్వు మాత్రం అందులో కూర్చోవద్దు నాన్నా. దానికి చుక్కాని లేదు.

నీ ఉష