లత డిగ్రీ సీటు గురించి

నాయనకు,

హిందూపురం నుంచి సుజాత నమస్కారాలు. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నీ నడుము ఎలా ఉంది? అవ్వ మాత్రలు మింగుతోందా, దిండు కింద దాస్తోందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడవద్దు. వానలు మొదలై ఆసుపత్రిలో మా వార్డు నిండా జ్వరాలే. కాళ్లు వాచిపోతున్నాయి. హాస్టల్ అన్నం సహించడం లేదు. ధర్మవరం నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మ చేత శెనక్కాయల పొడి చేయించి పంపించు.

ఫోన్లో అయితే ఇద్దరం అరుచుకుంటాం, అందుకే రాస్తున్నాను. చెల్లెలు లతకు వచ్చిన బీఎస్సీ నర్సింగ్ సీటు వద్దని, నాలాగే మూడేళ్ల డిప్లొమా చాలని నీకు చెప్పింది నేనే. కోపంలో చెప్పాను. ఐదేళ్లుగా ఈ వార్డులో చాకిరీ చేస్తుంటే, మొన్న డిగ్రీతో వచ్చిన శిరీషను నా పైన ఇన్‌ఛార్జిగా పెట్టారు. సెలైన్ పెట్టడానికి ఆమెకు నరం దొరకదు. ఆయా మారెమ్మ ఒకటే నవ్వు: "నాలుగేండ్లు సదివినాదంట. నరం మాత్రం మన సుజాతమ్మే ఎతికియ్యల్ల."

పోయిన మంగళవారం పెనుకొండ నుంచి వాంతులు, విరేచనాలతో ఒకామె వచ్చింది. సెలైన్‌లో పొటాషియం కలపమని డాక్టరు రాశాడు. కలపబోతుంటే శిరీష నా చెయ్యి పట్టుకుంది.

"ఆగక్కా. ఈయమ్మ పొద్దన్నుంచి మూత్రానికి పోయిందా?"

"లేదు. అయితే ఏమి? సారు రాసినాడు గదా."

"మూత్రం రాకుంటే ఆ మందు ఒంట్లోనే నిలబడిపోతాది. గుండె ఆగిపోతాదక్కా."

శిరీషే డాక్టరుకు ఫోన్ చేసింది. డాక్టరు విసుక్కున్నాడు. ఆమె గొంతు పెంచకుండా కారణం మళ్లీ చెప్పింది. అప్పుడు ఆపమన్నాడు, రక్తపరీక్షకు పంపమన్నాడు. రిపోర్టులో పొటాషియం అప్పటికే ఎక్కువగా ఉంది.

నేను ఎన్నిసార్లు కలిపానో నాయనా. ఒక్కసారీ మూత్రం సంగతి అడగలేదు. మా కాలేజీలో పాఠం చెప్పాల్సిన వేళల్లో మమ్మల్ని వార్డు పనికి తోలేవాళ్లు. ఇప్పుడు శిరీష పాత పుస్తకాలు తెచ్చుకుని, ఫోన్లో అర్థాలు వెతుక్కుంటూ చదువుతున్నాను. రెండు పేజీలకే కళ్లు మూతలు పడతాయి. ఇన్‌ఛార్జి సంగతిలో మాత్రం నా కోపం పోలేదు, పోదు కూడా.

సీటులో చేరడానికి శనివారమే ఆఖరు. లతను పంపించు. అక్క పని చేస్తూ నేర్చుకోలేదా అంటావేమో. చేస్తూ నేర్చుకోవడమంటే ఆ పెనుకొండ ఆమె మీద నేర్చుకోవడం.

అమ్మకు, అవ్వకు నా నమస్కారాలు చెప్పు. సీటు వద్దన్నది నువ్వనుకుని లత నీతో మాట్లాడడం లేదట కదా. ఈ ఉత్తరం దానికి చదివి వినిపించు. వద్దన్నది అక్కేనని తెలియనీ.

నీ దీవెన కోరే కూతురు,
సుజాత