పేజీ తిప్పింది నేనే

రాస్కో, ఓవెన్‌లో మకరోనీ ఉంది, వేడి చేసుకుని తిను. గరాజ్ ముందు మంచు ఎత్తిపొయ్యి. కుక్కని బయటికి తీసుకెళ్లేముందు, జపనీస్‌లో "కుక్క" అని రాసి దాని మెడకి కట్టావే, ఆ అట్టముక్క విప్పెయ్యి. తను కుక్కనని దానికి తెలుసు.

ఇక మనం జపనీస్ నేర్చుకుంటున్న మాంగా బొమ్మల కథ పుస్తకం సంగతి. ఆ జాలరి పిల్ల కొండ అంచున తాడు పట్టుకుని మూడు వారాలుగా వేలాడుతోంది. పేజీలో మాటలన్నీ నేను అప్పజెప్పేదాకా పేజీ తిప్పకూడదని నీ రూలు. ఉన్నవి పదకొండు మాటలు, అందులో తొమ్మిది చప్పుళ్లే! గాలికొకటి, తాడు కిర్రుమనడానికొకటి, ఏ చప్పుడూ లేకపోవడానికి కూడా ఒకటి! ఏప్రిల్లో ఒసాకా వెళ్లాక హోటల్లో తువ్వాలు ఎలా అడగను, గాలిలా ఊదనా? నీకు బొత్తిగా జాలి లేదయ్యా.

డ్యూటీకి టైమైంది, వెళ్తున్నా.
లోర్నా

మర్చిపోయా, కాదు, చెప్పడానికి భయమేసింది. ఉండబట్టలేక పొద్దున్నే పేజీ తిప్పేశాను. పిల్ల బతికే ఉంది. తిట్టకు, ఆ పేజీలో నేర్చుకోడానికి ఒక్క మాట కూడా లేదు, ఒట్టి బొమ్మే. సాయంత్రం పక్కన కూర్చుని నువ్వే తిప్పు. ఇప్పుడే చూసినట్టు కెవ్వుమంటాను.