మెరుపు రాని మోటారు

14వ తేదీ, సోమవారం ఉదయం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ క్షేమమని రాయడం అలవాటు గనక రాస్తున్నాను. మరదలికి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోను చేద్దామంటే మీ బావ రోజంతా ఇంట్లోనే ఉంటున్నారు. అందుకే ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. సాయంత్రానికి నీకు అందుతుంది.

మన పడవ మోటారు మొండికేసింది. నాన్న షెడ్డులో నువ్వు మోటార్లు విప్పుతుంటే టార్చి పట్టుకున్నది నేనే గనక నీకు పనికొచ్చేలా రాస్తాను. గ్యాస్ బండ మార్చిన తేదీలు రాసుకునే పుస్తకం వెనకాల అన్నీ వరసగా రాసిపెట్టాను.

ఎనిమిదో తేదీ మంగళవారం, తాడు ఇరవైసార్లు లాగినా స్టార్టవలేదు. మీ బావ ప్లగ్గు విప్పి, మోటారు బాడీకి ఆనించి, నన్ను తాడు లాగమన్నారు. నీలం మెరుపు లేదు. బుధవారం కొత్త ప్లగ్గు వేసినా అదే తంతు. గురువారం మాత్రం మొదటి లాగుకే అందుకుని, అవతలి గట్టుకు నాలుగు ట్రిప్పులు తిరిగింది. ఆ రోజు పడవ నడపడం తెలిసిన పక్కింటి సరంగు కూడా తోడెళ్లాడు. శుక్రవారం మళ్లీ చచ్చింది. పాయింట్లు గరుకు కాగితంతో రుద్దారు. ఇప్పుడు మెరుపు పుట్టించే కాయిల్ పోయిందంటున్నారు. పెట్రోలు బాగానే వస్తోంది, ప్లగ్గు తడిగానే ఉంటోంది.

రేవులో టికెట్లు చింపే ఆయన, “ఏం బావా, మోటారు అలిగిందా? ఓ చీర పెట్టి చూడకపోయావా!” అన్నాడట. మీ బావకు నవ్వు రాలేదు. పదహారేళ్లు చెప్పినట్టు విన్న దీనికి ఇప్పుడేం రోగమని విసుక్కున్నారు. రోగమైతే డాక్టరుకు చూపించాలి కదా అన్నాను. “మోటారుకు డాక్టరేమిటి, నీ మొహం!” అన్నారు.

రేవు కాంట్రాక్టరు తన మోటారు ఇస్తానన్నాడట. వచ్చే గురువారం నుంచి అది బిగించుకుని తిరుగుతారట. అప్పటినుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. బుధవారానికల్లా రాగలవా? నువ్వు మొదట అడిగేది నాకు తెలుసు, స్టాప్ స్విచ్ వైరు విప్పి చూశారా అని. మీ బావ ఇంకా అంతదాకా రాలేదు.

ఎదురుచూస్తూ,
అక్క

తా.క.: కాయిల్ తేవద్దు. మోటారుకు ఏ జబ్బూ లేదు. ఆరో తేదీ ఆదివారం ఖాళీ పడవలో ఇద్దరం తిరిగొస్తుంటే, మీ బావ చుక్కాని పట్టుకునే పక్కకు ఒరిగిపోయారు. పిలిస్తే పలకలేదు. మోటారు ఆపింది నేనే. మొహాన నీళ్లు చల్లాక లేచి, ఎవరికీ చెప్పనని తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నారు. మర్నాడే పన్నెండు మందిని ఎక్కించుకుని వెళ్లారు. ఆ సాయంత్రమే స్టాప్ స్విచ్ వైరు తొడుగు బ్లేడుతో గీకి, బాడీకి తగిలి మెరుపు చచ్చేలా వంచాను. సరంగు తోడున్న రోజు వంపు తీశాను.

ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెట్టాను. రెంచీలు వద్దు, డాక్టరు దగ్గర టైము తీసుకుని రా. నీ మాటకైతే కదులుతారు. కాంట్రాక్టరు మోటారులో ఏ వైరు ఎక్కడుందో నాకు తెలియదు.