ఇంకా ఎగరని విమానం మోత

ప్రియమైన మీకు,

మీరు పంపిన చిన్న ప్లేయరు అందింది. ఇంకా తయారే కాని విమానం మోతను కంప్యూటర్లో ఎలా పుట్టిస్తారో నాకు అర్థం కాలేదు. అయినా ఐదు మోతలూ విన్నాను. ఎంత చిరాకు పుట్టిందో పదికి మార్కులు వేయమన్నారుగా, అన్నిటికీ సున్నా వేశాను.

"విమానం మోతకి ఆ ముసిముసి నవ్వులేంటే?" అని అత్తయ్య ఒకటే ఆటపట్టింపు.

పని అయిపోయినట్టేనా? మీ దిండు గలీబు ఉతికి ఉంచాను.

దారి చూస్తూ,
మీ ఆవిడ

పిచ్చుకా,

నీ సున్నాలు చూసి మా మేనేజరు "మీ ఆవిడకి చెవుడా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ విమానం సగం ఇంజనుతో, సగం బ్యాటరీ మోటారుతో ఎగురుతుంది. ఇంజను హోరు, మోటారు కీచు విడివిడిగా లెక్కగట్టి కలుపుతాం. కింద ఇళ్లలో వాళ్లు భరించగలరా అన్నది మాత్రం చెవులే చెప్పాలి. మూడోది కావాలనే ఘోరంగా చేశాం, మనసుపెట్టి వింటున్నారా లేదా అని. దానికీ సున్నానా! నన్ను తొందరగా రప్పించుకోవాలనా?

నాకు మాత్రం రావాలని లేదా? అన్నం తింటూ ఎదుటి ఖాళీ కుర్చీ వంకే చూస్తుంటాను.

ఆఫీసువాళ్లు కొత్తగా రికార్డు చేసిన అవే మోతలు ఇంకో ప్లేయరులో పంపుతున్నాను. ఐదోదే మేం తయారు చేయబోయేది. అందరి మార్కులూ వచ్చాయి, అటో ఇటో నీ మార్కుతో తేలిపోతుంది. అది బాగుంటే వచ్చేస్తాను. అయినా నిజమే రాయి. పాత ప్లేయరు తిప్పి పంపు.

నీ కోసం కొట్టుకుపోతున్న,
నీ వాడు

ఏమండీ,

మీరనుకున్నట్టు కాదు. మొదటిసారి ప్రతి మోతకు ముందూ "ఇది ఒకటోది", "ఇది రెండోది" అని మీరే చెప్పారు. మూడోదానికి ముందు కాస్త దగ్గారు కూడా. హాల్లో అందరి ముందూ ఫోనులో మీతో రెండు మాటలకే నాకు సిగ్గు. అలాంటిది మీ గొంతు నా ఒక్కదాని చెవుల్లో! దాని వెంట వచ్చిన మోత మీద చిరాకు ఎలా పడను?

ఈసారి ఎవరో ఆవిడ చెప్పింది. మూడోది సగంలోనే ఆపేశాను. ఐదోది బాగానే మొదలైంది గానీ, చివర్లో మోటారు కీచు చెవిలో సూదిలా దిగింది. ఆ మోత కింద ఏ ఇంట్లోనో నాలాంటిది ఫోను పట్టుకుని ఉంటుంది. అవతలి మాట వినపడక మళ్లీ మళ్లీ "ఆఁ?" అంటుంది. అది తలచుకుని చిరాకుకి ఎనిమిది మార్కులు వేశాను. వేసి చాలాసేపు ఏడ్చాను.

దిండు గలీబు మళ్లీ ఉతుకుతానులెండి. పాత ప్లేయరు మాత్రం అడక్కండి. ఇవ్వను.

మీ పిచ్చుక