కుడి అంచు అవతల

మార్చి 3, సోమవారం, ఉదయం
ప్రార్థన అయ్యాక కంప్యూటర్లో టెర్మినల్ బొమ్మ నొక్కాను. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. లేదు.

తమ్ముడు పనిచేసే కొండమీది వాతావరణ కేంద్రంలో ఫోన్ పలకదు. మా ఇద్దరికీ ఉన్నది తెర మీద తెరుచుకునే ఈ టెర్మినల్ నల్ల కిటికీ ఒక్కటే. నేను తెరవగానే వాడికి “అక్క వచ్చింది” అని పడుతుంది. రోజూ కాసేపు టైప్ చేసుకుంటాం. ఇక్కడే ఇంకో రెండేళ్లు ఉండేందుకు సంతకం పెట్టమంటున్నారు, శుక్రవారంలోగా చెప్పాలి, వచ్చేయమంటావా అక్కా అని నిన్న అడిగాడు. రేపు చెబుతానన్నాను. దేవుణ్ణి అడక్కుండా నేనేదీ చెప్పను.

జవాబు ఈ ఉదయమే దొరికింది. రమ్మనాలి.

మార్చి 4
రిపేరు షాపతను ఈ సిస్టమ్ పేరే వినలేదట. ఎవరు పెట్టారమ్మా ఇది అని నవ్వాడు. మా తమ్ముడు అన్నాను. అయితే ఆయన్నే అడగండి అన్నాడు.

మార్చి 5
రీస్టార్ట్. మళ్లీ రీస్టార్ట్. నొక్కినప్పుడల్లా తెర అడుగు పట్టీలో టెర్మినల్ పేరు పడుతోంది. కిటికీ మాత్రం రాదు.

చెల్లెలు ఫోన్ చేసింది. వాడి పిచ్చి సిస్టమ్ తీసిపారేసి అందరిలా మామూలుది పెట్టించుకో అక్కా అంది. ఆదివారం నా దగ్గర్నుంచి తీసుకెళ్లిన రెండో మానిటర్ తన కుట్టు షాపులో భలే పనికొస్తోందట.

మార్చి 6
రేడియో పెట్టాను. కట్టేశాను.

మార్చి 7, సాయంత్రం
తెర తుడుస్తుంటే చెయ్యి మౌస్‌కు తగిలింది. బాణం కుడి అంచు దాటి వెళ్లిపోయింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. ఎడమకు లాగితే తిరిగొచ్చింది.

టెర్మినల్‌ను నేనెప్పుడూ రెండో తెరలోనే ఉంచేదాన్ని. ఆ తెర ఇప్పుడు లేదని సిస్టమ్‌కు తెలియదు. ఇన్ని రోజులూ అక్కడే తెరుస్తోంది, నాకు కనపడని చోట.

బస్సెక్కి చెల్లెలి షాపుకు వెళ్లాను. దోపిడీకి వచ్చావా అక్కా అని చెల్లెలు నవ్వింది. నా మొహం చూసి తనే వైరు చుట్టి ఇచ్చింది. మానిటర్ ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

తగిలించగానే ఒకదాని మీద ఒకటి కిటికీలన్నీ, వాటినిండా తమ్ముడి మాటలు. వచ్చావా అక్కా. ఉండి కూడా పలకవేం? మౌనవ్రతమా తల్లీ, దేవుడింకా లైన్లోకి రాలేదా? చివరిది ఈ మధ్యాహ్నానిది. రమ్మనడం నీకిష్టం లేదని అర్థమైందిలే, సంతకం పెట్టి కాగితం పంపేశాను.

మానిటర్ సంగతి రాశాను. అయితే ఇన్నాళ్లూ గోడకు చెప్పుకున్నానన్నమాట అని నవ్వాడు. ఇంతకీ ఏం చెబుదామనుకున్నావు అని అడిగాడు.

నీ ఇష్టమే అని రాశాను.

మార్చి 8
ప్రార్థన అయింది. టెర్మినల్ తెరుచుకుంది. వాడు అడగకముందే రాశాను, ఉన్నాను అని.