గాలి మిషన్ తెచ్చిన రోజు

చందానగర్, 1949, మాఘమాసం, శనివారం

మొత్తానికి ఇవాళ పట్నం వెళ్లి, మా షెడ్డులో లారీ టైర్లు నింపడానికి గాలి మిషన్ తెచ్చాను. కొత్తవాటి ధర వింటేనే గుండె ఆగినంత పనైంది. దుకాణం పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇంటికాడి షెడ్డుకు మిషన్ ఎందుకయ్యా? చేతిపంపు కొనుక్కపో, సస్తగ వస్తది. ఒకలు కొడితే ఇంకొకలు పైపు అదిమి పట్టుకుంటే అయిపాయె. ఇంట్ల ఎవరన్న ఉన్నరు గద?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఉంటే ఈడికెందుకొస్త?" అన్నాను. అలా కసురుకోవాల్సింది కాదు. నా భార్య నర్సమ్మ పోయిన సంగతి ఆయనకేం తెలుసు?

ఆయన మూలనున్న పాత మిషన్ బయటికి లాగాడు. కిరోసిన్‌తో నడుస్తుంది. టాంకీ చిన్నది, రంగు పోయింది, కానీ గాలి ఎక్కడా పోవడం లేదు. "గీ ముల్లు చూస్కో. ఎంత నిండిందో అదే చెప్తది, గీత కాడికొస్తే ఆపెయ్," అన్నాడు.

సాయంత్రం షెడ్డులో దించానో లేదో, బొంబాయి రోడ్డు మీద పోయే లారీ ఒకటి గాలి కోసం ఆగింది. ముల్లు గీత దగ్గరికి రాగానే మిషన్ ఆపాను. కానీ టైరు పక్కనే అలాగే కూర్చుండిపోయాను. నేను పంపు కొట్టినన్నాళ్లూ, నర్సమ్మ పైపు పట్టుకుని, టైరును బొటనవేలితో నొక్కి చూసి, "ఇగ సాలు, లే" అనేది. ఆ మాట వినకుండా లేచిన అలవాటు నాకు లేదు.

"ఏందన్నా, ఇంక నిండలేదా?" అని డ్రైవర్ అరిచాడు.