గుడ్డకు అంటుకున్న విజయవాడ

బంద్ రోజు, రాత్రి

ఆఫీసు లేదు కాబట్టి ఇంటి ఓనరు యాదన్నా నేనూ వాళ్ల నాన్నగారి పాత వాల్వు రేడియో ముందేసుకుని కూర్చున్నాం. నేను దాన్ని బాగుచేస్తుంటే, సాయం చేద్దామని అతను డయల్ అద్దాన్ని వెనకవైపు తడిగుడ్డతో తుడిచాడు. స్టేషన్ల పేర్లు పెయింటుతో ఉండేది అటువైపే. హైదరాబాద్ మిగిలింది, మా విజయవాడ గుడ్డకు అంటుకుని వచ్చేసింది. వీధిలో జై తెలంగాణ నినాదాలు.

పొద్దుగూకాక స్విచ్ వేశాను. వాల్వులు మెల్లగా నారింజ రంగులో వెలిగాయి, వెచ్చటి దుమ్ము వాసన వచ్చింది. ముల్లు ఆ ఖాళీ చోటికి చేరగానే విజయవాడ నీళ్లలోంచి పాడినట్టు పలికింది.

"పేరు పోతే ఏంది తమ్మి, స్టేషన్ యాడికి పోతది?" అన్నాడు యాదన్న. అద్దం మీద ఆ ఖాళీ చోట వేలు పెట్టి, "రేపు చెరగని పెయింట్ తెస్త. నువ్వే రాయి" అన్నాడు.

ఇంకెన్నాళ్లు ఉంటానో తెలియని కిరాయి ఇంట్లో మా ఊరి పేరు, అదీ చెరగని పెయింటుతో...